రైట్ రైట్ ఎప్పుడంటారు సార్?

ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 గారికి,

నమస్కారం. మా ఊరి బస్సు ఠంచనుగా స్టాండులోంచి బయటికొస్తుంది. గేటు దాటి యాభై గజాలు పోగానే టీకొట్టు ముందు ఆగుతుంది. ఇంజను ఆగదు, బస్సు కదలదు. ఈ విద్య మా డ్రైవరు సొంతమనుకున్నాను. కణాల్లో జన్యువుల్ని చూసి ఆర్‌ఎన్‌ఏ నకళ్లు రాసే ఎంజైమైన తమరి సంగతి చదివాక గురువెవరో తెలిసింది.

జన్యువు మొదట్లో ఎక్కుతారు. డీఎన్‌ఏ చూస్తూ 20 నుంచి 60 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ రాస్తారు. ఇక బ్రేకే. ముందు బోలెడు దారి ఉంది కదా? డిస్ట్రోఫిన్ అనే కండరాల ప్రోటీన్ జన్యువైతే 20 లక్షల అక్షరాల పైమాటే, చివరిదాకా పోవడానికి తమరికి దాదాపు 16 గంటలు. గేటు దగ్గరే టీ ఏంటండీ?

అడిగితే నెల్ఫ్, డీసిఫ్ అనే ప్రోటీన్లు పట్టుకున్నాయంటారు. పీ-టెఫ్‌బీ అనే కండక్టరు వచ్చి వాటి మీదా, మీ తోక మీదా ఫాస్ఫేట్ ముద్రలు కొడితేనే రైట్ రైట్. ముద్ర పడగానే నెల్ఫ్ దిగిపోతుంది. డీసిఫ్ మాత్రం దిగదు, ప్లేటు ఫిరాయించి మిమ్మల్నే ముందుకు తోస్తుంది. ఇలాంటివాళ్లను ప్రతి ఎన్నికలకీ చూస్తున్నాం లెండి.

తిట్టడానికే కూర్చున్నాను. కానీ 1980ల్లో అమెరికాలో డేవిడ్ గిల్మోర్, జాన్ లిస్ పండు ఈగ కణాల్లో చూసింది గుర్తొచ్చి కాస్త తగ్గాను. హెచ్‌ఎస్‌పీ70 అనే జన్యువు వేడి దెబ్బ తగిలినప్పుడు పనికొచ్చేది. చల్లగా ఉన్నప్పుడు దాని అవసరం ఎవరికీ పెద్దగా లేదు. అయినా తమరు అప్పటికే ఎక్కి, నాలుగడుగులు వేసి, ఇంజను ఆన్‌లో పెట్టుకుని కూర్చున్నారు! 37 డిగ్రీల వేడి తగిలిందో లేదో, నిమిషాల్లో ఒకరి వెనక ఒకరు పరుగు. ప్రోటీన్లు ముద్దకట్టే ఆ హడావుడిలో డ్రైవర్ని వెతుక్కునే పని లేదు.

సరే, టీ తాగండి. దారి మధ్యలో రివర్స్ గేరుకీ ఏమీ అనను. తప్పు అక్షరం పడితే వెనక్కి జరిగి, టీఎఫ్‌ఐఐఎస్ అనే ప్రోటీన్ సాయంతో ఆ కొసను తుంచేసి మళ్లీ రాస్తారట. మా రేషన్ కార్డులో నాన్న పేరు దిద్దించడానికి నేను నాలుగుసార్లు తిరిగాను.

నా కోపమంతా హెచ్‌ఐవీ విషయంలోనే. దాని జన్యువుల దగ్గరా ఇలాగే ఆగుతారు, భేష్. ఈలోపు దాని టాట్ ప్రోటీన్ పీ-టెఫ్‌బీని చొక్కా పట్టుకుని లాక్కొచ్చి ముద్ర కొట్టిస్తుంది. టికెట్ లేనివాడు కండక్టరు చేత రైట్ రైట్ అనిపిస్తుంటే, వెనక్కి తిరిగి చూడకుండా గేరు మార్చేయడమేనా సార్?

ఇట్లు,
కిటికీ పక్క సీట్లో, ఇంకా టీకొట్టు ముందే ఉన్న
ఓ ప్రయాణికుడు