రఫ్‌నెక్ అనే మాటకు ఒక విన్నపం

మహారాజశ్రీ రఫ్‌నెక్ గారికి,

అమెరికాలో చమురు బావి తవ్వే రిగ్గు మీద పైపులు బిగించి విప్పే కార్మికుడికి తమరే పేరు. అక్షరాలా చూస్తే అర్థం 'మోటు మెడ'. అయితే తమరు పుట్టింది చమురులో కాదు. 1836 నాటికే టెక్సాస్ సరిహద్దు సీమలో మొరటు మనుషులను పిలవడానికి తమరు వాడుకలో ఉన్నారు. ఆ తర్వాత 1859లో పెన్సిల్వేనియాలో చమురు బావి తవ్వించిన డ్రేక్ గారు అంతకుముందు రైల్వే కండక్టరు. పెట్టుబడి పెట్టినవారు ఉత్తరాల మీద 'కల్నల్' అని రాసి పంపినందున, సైన్యం మొహం చూడకుండానే ఆయన కల్నల్ అయ్యారు. కార్మికుడికి అలాంటి ఉత్తరాలు రాసేవారెవరూ లేరు కనుక పాత తిట్టే దక్కింది. 1917 నాటికి తమరు చమురు రిగ్గు కార్మికుడనే అర్థంలోనూ స్థిరపడ్డారు.

తమరొక్కరే అయితే సరిపెట్టుకోవచ్చు. డెరిక్ అనే రిగ్గు గోపురం పైన మనిషి నిలబడే పలక కోతిపలక, తవ్వకం నడిపే డ్రిల్లర్ పక్కనున్న గది కుక్కగూడు, తర్వాతి పైపును నిలిపే రంధ్రం ఎలుకకన్నం, కొత్తగా చేరిన కుర్రవాడు పురుగు. ఇన్ని జీవాల మధ్య మనిషి అవయవం పేరు దక్కడమే మహాభాగ్యమనుకోవాలి.

పాత రిగ్గుల్లో పైపుకు పైపు కలపాలంటే, కింది జాయింటుకు చుట్టిన గొలుసును ఒడుపుగా విసరాలి. అది పాములా పైకి పాకి కొత్త పైపును చుట్టుకుంటే, డ్రిల్లర్ దాన్ని లాగగానే పైపు గిరగిరా తిరిగి మరలోకి దిగుతుంది. చెయ్యి తీయడం రెప్పపాటు ఆలస్యమైతే పోయేది వేలు. అంత నేర్పుకు కూడా తమరే బిరుదు!

ఇప్పుడు తమరి దశ తిరిగింది. కెనడాలోని కాల్గరీలో వల కట్టిన కర్రలతో బంతాట ఆడే ఒక లాక్రాస్ జట్టు తమరి పేరే పెట్టుకుంది. చమురు మరక ఎరుగని చొక్కాల మీద తమరు సగర్వంగా వెలుగుతున్నారు. గొలుసు విసిరే పనిని మాత్రం చాలా రిగ్గుల్లో హైడ్రాలిక్ యంత్రానికి అప్పగించి, దానికి 'ఐరన్ రఫ్‌నెక్' అని నామకరణం చేశారు. ఆ యంత్రానికి వేళ్లు తెగవు, నడుము నొప్పి రాదు, మెడ అసలే లేదు. కనుక దాని ఒంటి మీద ఏ భాగాన్ని పట్టుకుని వేలాడుతున్నారో తిరుగుటపాలో తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
తమరి అర్థం కోసం నిఘంటువు తిరగేసిన ఒక పాఠకుడు