చచ్చిన చేపలు సరే, బతికున్న చేపల మాటేమిటి?

చెరువులో చేపలు తెల్లగా తేలితేనే మనకు కాలుష్యం గుర్తొస్తుంది. 2017లో హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ దగ్గర గండిగూడెం చెరువులో కుప్పలుగా చచ్చినప్పుడు ఎంత గోల జరిగిందో తెలిసిందే. కానీ ఫ్యాక్టరీ వ్యర్థాలతో వచ్చే సీసం, కాడ్మియం, రాగి, పాదరసం లాంటి లోహాలు చేసే అసలు నష్టం ఇంకా ఈదుతున్న చేపలోనే ఉంటుంది. ఆ చేపను కోసి పరీక్షించకుండా చెరువు బాగుందని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

మొప్పలు చేపకు ఊపిరి ఒక్కటే కాదు, ఒంట్లో ఉప్పును నిలబెట్టేవీ అవే. మంచినీటి చేప ఒంట్లోంచి సోడియం నీళ్లలోకి జారిపోతూనే ఉంటుంది, దాన్ని మొప్పలు ఆగకుండా వెనక్కి లాగాలి. రాగి సరిగ్గా ఆ పని మీదే దెబ్బకొడుతుంది. కాడ్మియం కాల్షియం వెళ్లే దారిలో దూరి కాల్షియంనే అడ్డుకుంటుంది. సీసం రక్తం తయారీకి కావాల్సిన ఎంజైమును అణిచేస్తుంది. కాలేయం మెటల్లోథయొనిన్ అనే ప్రోటీన్‌తో లోహాన్ని కట్టేసి ఉంచుతుంది. దానికీ శక్తి కావాలి కాబట్టి ఎదుగుదలకు, గుడ్లకు పోవాల్సిన తిండి ఇటు ఖర్చయిపోతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వాసన సంగతి. లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాముల రాగి ఉన్నా సాల్మన్ పిల్లలు ప్రమాదపు వాసన పసిగట్టలేవని అమెరికాలో పరిశోధకులు తేల్చారు. వేటాడే చేప దగ్గరికొచ్చినా అవి అప్రమత్తం కావు. అలా పోయిన చేప ఏ కాలుష్యం లెక్కలోకీ రాదు.

మూకుమ్మడి చావులకు కారణం డ్రైనేజీ నీళ్లు కలిసి ఆక్సిజన్ పడిపోవడమేనని అధికారులు చెబుతారు. చాలాసార్లు అది నిజమే. కానీ మన తెలంగాణ రాష్ట్ర చేప కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, ఆక్సిజన్ లేని మురికిలోనూ బతికేస్తుంది. అది బతికి ఉందంటే నీళ్లు మంచివని కాదు. పైగా అది చిన్న చేపల్ని తినే చేప, వాటిలోని పాదరసమంతా దాని కండలో పోగవుతుంది. కడిగినా, పులుసులో ఎంత మరిగించినా పోదు. పరీక్షకని సీసాలో పట్టిన నీళ్లు ఇదంతా చెప్పవు, ఎందుకంటే లోహాలు చాలావరకు బురదలోకి దిగిపోతాయి. ఆ బురదలోనే బంగారు తీగ చేప మేస్తుంది.

2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. మంచి పథకమే. ఎన్ని కోట్ల పిల్లలు వదిలారో ఏటా చెబుతారు. మరి అవి ఎదగడానికి ఆ నీళ్లు పనికొస్తాయా? ఏ పథకం చూసినా మనది ఇదే జబ్బు, పంచింది లెక్కపెడతాం, దక్కింది లెక్కపెట్టం. ఇళ్లయినా, మొక్కలైనా, చేపపిల్లలైనా అంతే.

చేప మాంసంలో సీసం కిలోకు 0.3 మిల్లీగ్రాములు దాటకూడదని దేశంలో నిబంధన ఉంది. పటాన్‌చెరు, బొల్లారం లాంటి పారిశ్రామికవాడల దిగువ చెరువుల్లో ఏటా చేపల మొప్పలు, కాలేయం, కండ పరీక్షించాలి. ఫలితం ముందు మత్స్యకార సొసైటీ చేతికి రావాలి. లోహం దొరికితే వల ఆపాల్సిందే, ఆపిన ప్రతి రోజుకీ ఆ గంగపుత్రులకు, ముదిరాజ్‌లకు కూలి మాత్రం వ్యర్థాలు వదిలిన ఫ్యాక్టరీలే కట్టాలి.