మంచి నూనె మనిషికి, మాడిన నూనె లారీకి

సాయంత్రం ఆరు దాటాక విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందుల్లోనో, గుంటూరు అరండల్‌పేటలోనో ఒక బజ్జీల బండి దగ్గర పది నిమిషాలు నిలబడి మూకుడు వైపు చూడండి. నూనె అప్పటికే టీ డికాషన్ రంగుకు తిరిగి ఉంటుంది. శనగపిండిలో ముంచిన మిరపకాయ పడగానే అంచుల దాకా సన్నటి నురగ పొంగుతుంది. మంట తగ్గించినా పొగ ఆగదు. రాత్రి బండి కట్టేసే వేళకు అడుగున మిగిలిన రెండు మూడు లీటర్లను వడగట్టి డబ్బాలో పోసుకుంటారు. మర్నాడు దాని మీదే కొత్త నూనె పోసి స్టవ్ వెలిగిస్తారు. బండి నడిపే మనిషిని తప్పుపట్టాలని మేం ఈ మాట రాయడం లేదు. మిగిలిన నూనె పారబోస్తే ఆ రోజు కష్టమంతా అందులోనే పోతుంది. వంటనూనె ధర అతని చేత ఆ పని చేయిస్తోంది.

ఆ డబ్బాలోని నూనెకు మళ్లీ మన కడుపులోకి రాకుండా పోయే దారి ఒకటుంది. అదే నూనెను శుద్ధి చేసి బయోడీజిల్‌గా మారిస్తే లారీ నడుస్తుంది, బస్సు నడుస్తుంది. ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచి తెచ్చుకుంటున్నాం. ఇంటి దగ్గర పుట్టే ఇంధనాన్ని మాత్రం సగం మురుగు కాల్వల పాలు, సగం గుండె జబ్బుల పాలు చేస్తున్నాం.

నూనెతో ఇంజిన్ నడపడం కొత్త ఆలోచనేమీ కాదు. రుడాల్ఫ్ డీజిల్ ఇంజిన్ మొదటిసారి తిరిగింది 1893 ఆగస్టు 10న అని చెబుతారు. ప్రపంచ జీవ ఇంధన దినోత్సవాన్ని ఆ తేదీన జరుపుకోవడానికి కారణం అదే. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఆ రకం ఇంజిన్ ఒకదాన్ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. తర్వాత పెట్రోలియం చవకగా దొరికింది. ఇంజిన్లన్నీ ఆ పల్చటి డీజిల్‌కు తగ్గట్టే తయారవుతూ వచ్చాయి.

అందుకే ఇవాళ నేరుగా వంటనూనె తెచ్చి ట్యాంకులో పోస్తానంటే కుదరదు. ఆటోనగర్‌లో పంపులు, నాజిళ్లు విప్పే ఏ మెకానిక్‌ను అడిగినా కారణం చెబుతారు. నూనె డీజిల్ కన్నా సుమారు పది రెట్లు చిక్కన. నాజిల్ దాన్ని సన్నటి తుంపరగా చిమ్మలేదు. సరిగా మండని నూనె నాజిల్ కొన మీద, పిస్టన్ రింగుల్లో మసిగా గట్టిపడుతుంది. మొదట పికప్ తగ్గుతుంది, తర్వాత నల్లపొగ, చివరికి ఇంజిన్ అరిగి బోరుకొస్తుంది. డీజిల్ ధర వంద రూపాయలకు అటూ ఇటూగా ఉన్న రోజుల్లో నాలుగు రూపాయలు మిగులుతాయని ఎవరో చెప్పిన చిట్కా పట్టుకుని సొంత బండిని పాడుచేసుకోవద్దని ఆటో డ్రైవర్లకు, లారీ ఓనర్లకు మా మనవి.

నూనె బయోడీజిల్‌గా మారాలంటే దాని చిక్కదనం పోవాలి. వంద లీటర్ల నూనెకు ఇరవై లీటర్ల దాకా మిథనాల్, కొంచెం కాస్టిక్ సోడా లాంటి క్షారం కలిపి, అరవై డిగ్రీల వేడిలో గంటసేపు తిప్పుతారు. ఆపి వదిలేస్తే అడుగున బరువైన గ్లిజరిన్ పేరుకుంటుంది. పైన తేలేదే బయోడీజిల్. దాన్ని కడిగి, తేమ లేకుండా చేయాలి. వినడానికి వంటింటి పనిలాగే ఉన్నా మిథనాల్ విషం, ఇట్టే అంటుకునే ద్రవం కూడా. పైగా వాడిన నూనెలో తేమ, ఆమ్లాలు ఎక్కువ. వాటిని ముందే తీసేయకపోతే బయోడీజిల్ బదులు సబ్బు గడ్డలు తయారవుతాయి. ఇది పెరట్లో డ్రమ్ము పెట్టి చేసే పని కాదు, బయోడీజిల్ నాణ్యతకు దేశంలో ఉన్న ఐఎస్ 15607 ప్రమాణానికి తగ్గట్టు ప్లాంటులో చేయాల్సిన పని. అలాంటి ప్లాంట్లు మనకు దూరంలో లేవు. కాకినాడలో 2008 నుంచి ఒక పెద్ద ప్లాంటు ఉంది.

సరిగా తయారైన బయోడీజిల్‌ను డీజిల్‌లో 5 శాతం కలిపితే ఇంజిన్‌లో ఏ మార్పూ అక్కర్లేదు. 2002 డిసెంబర్ 31న అమృత్‌సర్ శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌ను ఈ మిశ్రమంతోనే నడిపి చూశారు. బయోడీజిల్‌లో గంధకం దాదాపు ఉండదు, పొగలో మసి తగ్గుతుంది. లోపాలూ ఉన్నాయి, దాచడం మంచిది కాదు. మైలేజీ కొద్దిగా తగ్గుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు కాస్త పెరగవచ్చు. నెలల తరబడి నిల్వ ఉంచితే చెడిపోతుంది. మిశ్రమంలో దాని పాలు పెరిగితే పాత ట్యాంకుల్లో అంటుకున్న మడ్డిని కరిగించి తెస్తుంది కాబట్టి మొదట్లో ఫిల్టర్లు త్వరగా మూసుకుపోతాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వాహనాల కోసం కొత్త నూనెను కాల్చడానికి మేం ఒప్పుకోం. ఈ దేశం తినే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఇండోనేషియా తన పామాయిల్‌లో పెద్ద భాగాన్ని బయోడీజిల్‌కు మళ్లిస్తోంది. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం కొన్ని వారాల పాటు పామాయిల్ ఎగుమతి ఆపేసింది. అటు ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనెకూ కటకట వచ్చింది. ఆ వేసవిలో పచ్చళ్లు పట్టుకున్న ప్రతి ఇంట్లోనూ ఆ మంట తెలిసింది. ఏలూరు వైపు రైతులు పండిస్తున్న పామాయిల్ గెలలు మన వంటిళ్లకే చాలడం లేదు. తాలింపు నూనెకూ లారీ నూనెకూ పోటీ పెడితే ఓడిపోయేది పేదింటి పొయ్యే.

మరి తినని నూనెల సంగతేంటి? 2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదం, అంటే జట్రోఫా మీద ఆశలన్నీ పెట్టింది. బంజరులో పండుతుంది, నీళ్లక్కర్లేదు, పశువులు ముట్టవు అన్నారు. నమ్మి మొక్కలు పెట్టిన రైతులకు చెప్పినంత కాపు రాలేదు. నీళ్లు పెట్టని నేలలో ఏ మొక్కా బస్తాలకొద్దీ కాయదని మన మెట్ట రైతును అడిగినా చెప్పేవాడు. 2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలుపుతామంది. ఆ గడువూ అలాగే దాటిపోయింది.

కానుగ కథ వేరు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే ఆదివాసీ గూడెం మహిళలు కానుగ గింజల నుంచి నూనె తీశారు. పదేళ్లలో అది డీజిల్ బదులు వాడటం వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు గాను 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. చిన్న మొత్తమే. కానీ రోడ్ల పక్కన, కాల్వ గట్ల మీద ఉన్న చెట్టు గింజ ఏరుకుని, నూనె ఆడించి, చెక్కను పొలానికి ఎరువుగా వేసుకున్న ఆ లెక్క ఊరికి సరిపోయింది. ఊరికి సరిపోయింది కదా అని దేశమంతటి లారీలకు సరిపోతుందని అనుకోవడమే జట్రోఫా దగ్గర జరిగిన పొరపాటు.

అందుకే మా చూపు మళ్లీ ఆ మూకుడు మీదకే పోతోంది. దీనికి కొత్తగా ఎకరం నేల అక్కర్లేదు, చుక్క సాగునీరు అక్కర్లేదు.

చట్టం లేదా అంటే ఉంది. నూనె పదేపదే కాగితే పుట్టే టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే ఆ నూనె వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జులై 1 నుంచి నిబంధన పెట్టింది. రక్తపోటు, రక్తనాళాలు గట్టిపడటం, కాలేయ జబ్బులు లాంటివాటికి అది దారితీస్తుందని ఆ సంస్థే చెప్పింది. అదే ఏడాది ఆగస్టు 10న వాడిన నూనెను బయోడీజిల్‌కు మళ్లించే ‘రుకో’ కార్యక్రమం మొదలైంది. మరుసటి ఏడాది చమురు కంపెనీలు వంద నగరాల్లో వాడిన నూనెతో చేసిన బయోడీజిల్ కొంటామని, మొదటి ఏడాది లీటరుకు 51 రూపాయలు ఇస్తామని ముందుకొచ్చాయి. ఇప్పటి జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలంటోంది. ఇన్నేళ్లయినా దేశంలో కలుస్తున్నది ఒక శాతం లోపే. పెట్రోల్‌లో ఇథనాల్ మాత్రం 2025లో 20 శాతానికి చేరింది.

తేడా ఎక్కడ వచ్చింది? ఇథనాల్ చక్కెర మిల్లుల నుంచి, డిస్టిలరీల నుంచి ట్యాంకర్లకొద్దీ వస్తుంది. వాడిన నూనె లక్షల మూకుళ్లలో రెండేసి లీటర్లుగా చెదిరి ఉంది. నిబంధన చూస్తే, రోజుకు 50 లీటర్లకు పైగా నూనె వాడే చోట్ల లెక్క రాయాలని, వాడిన నూనెను అనుమతి ఉన్న సేకరణదారుకే ఇవ్వాలని ఉంది. పెద్ద హోటళ్లు, పెద్ద హాస్టళ్ల మెస్‌లు ఆ లెక్కలోకి వస్తాయి. పునుగుల బండి, మరమరాల మిక్చర్ వేసే చిన్న షెడ్డు, కర్రీ పాయింట్, స్వీటు షాపు వెనక వంటగది రావు. పెద్ద హోటల్ నూనె కూడా అనుమతి లేని మనిషి చేతిలో పడితే చవక ధరకు ఆ చిన్న బండ్ల దగ్గరకే చేరే ప్రమాదం ఉంది. నల్లబడిన నూనెను అందరికన్నా ఎక్కువ తినేది ఇరవై రూపాయలకు ప్లేటు దొరికే చోట ఆకలి తీర్చుకునే కూలీలు, హమాలీలు, పిల్లలు. మిర్చి యార్డు దగ్గర మధ్యాహ్నం తినేవాళ్లను చూస్తే ఈ నిబంధన ఎవరిని వదిలేసిందో అర్థమవుతుంది.

విజయవాడ, గుంటూరు కార్పొరేషన్లు ఈ వదిలేసిన చోట నుంచే పని మొదలుపెట్టాలని కోరుతున్నాం. ఇంటింటికీ తిరిగి చెత్త తీసుకునే వాహనాలు మనకు అలవాటే. అలాగే తిండి బండ్లు ఉన్న వీధుల్లో రాత్రి బండ్లు కట్టేసే వేళకు నూనె తీసుకునే వాహనం తిరగాలి. ఊరికే ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడంలో తప్పూ లేదు. తూకం వేసి అక్కడికక్కడే డబ్బు చేతిలో పెట్టాలి, లేదా అంతకు తగ్గ కొత్త నూనె ప్యాకెట్ ఇవ్వాలి. ఈ సేకరణను పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద ఉన్న మహిళా సంఘాలకు అప్పగిస్తే లీటరుకు ఇంతని వాళ్లకూ ఆదాయం ఉంటుంది. నూనెలో పోలార్ కాంపౌండ్స్ ఎంతున్నాయో క్షణాల్లో చూపించే చేతి మీటర్లు ఉన్నాయి. వాటిని జరిమానాలు రాసే చేతిలో పెట్టి పంపితే బండ్లవాళ్లు టెన్షన్‌తో నూనె దాచేస్తారు. కొనే మనిషి చేతిలో ఉంటే వాళ్లే చూపిస్తారు.

తయారైన బయోడీజిల్ ఎక్కడికి పోవాలి? మొదట కార్పొరేషన్ చెత్త లారీలకు, నీటి ట్యాంకర్లకు. ఆ తర్వాత ఆర్టీసీ డిపోలకు. ఎంత నూనె వచ్చింది, ఎంత ఇంధనం తిరిగొచ్చింది అన్నది ప్రజలకు లెక్క చెప్పాలి. ఆ లెక్క లేకపోతే బయోడీజిల్ పేరుతో ఏవో పారిశ్రామిక నూనెలు కలిపి లారీలకు అమ్మే దందాకు తలుపు తెరిచినట్టే. ఇతర రాష్ట్రాల్లో అలాంటి అమ్మకాలపై దాడులు జరిగాయి. నష్టపోయేది ఆ నూనె పోయించుకున్న లారీ ఓనరే.

దీంతో డీజిల్ దిగుమతి ఆగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. దేశం ఏడాదికి సుమారు 9 కోట్ల టన్నుల డీజిల్ వాడుతోంది. అందులో 5 శాతమంటే 500 కోట్ల లీటర్లకు పైమాటే. అందరూ కలిసి పనిచేస్తే దేశంలో వాడిన వంటనూనె 220 కోట్ల లీటర్ల దాకా సేకరించవచ్చని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అంచనా. మొత్తం చేతికొచ్చినా ఆ 5 శాతంలో సగానికి కూడా చాలదు. బస్సులు కరెంటు మీద నడవడం, సరుకు రైలెక్కడం లాంటివి వేరే జరగాల్సిందే. కానీ ఈ నూనె విషయంలో లాభం ట్యాంకు దగ్గరే ఆగదు. లీటరు పాత నూనె లారీలోకి పోయిందంటే, అది మిర్చి యార్డు హమాలీ ఒంట్లోకి పోనట్టు. బందరు కాల్వలో జిడ్డుగా తేలనట్టు.

రెండు నగరాల్లో చెరొక వీధితో మొదలుపెట్టినా చాలు. అరండల్‌పేటలో బండి కట్టేసే వేళకు ఆ వాహనం వచ్చి నిలబడితే, మూడు లీటర్ల పాత నూనె తూచి డబ్బులిస్తే, మర్నాడు ఆ మూకుట్లో పసుపుపచ్చగా మెరిసే కొత్త నూనె కాగుతుంది.