ముట్టుకోనివ్వని చోటికే టికెట్ కొనండి

వేసవిలో ఊరినుంచి అమెరికాకు అమ్మానాన్నలు వచ్చారంటే, పిల్లల్ని వెంటేసుకుని ఏదో ఒక జంతు సంరక్షణ కేంద్రానికి బయల్దేరతాం. బోర్డు మీద ‘శాంక్చురీ’ అని కనిపిస్తే చాలు, నమ్మేస్తాం. ఆ మాట ఎవరైనా రాసుకోవచ్చు. యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) లైసెన్సు చూపించినా అంతే, అది జంతువుల్ని ప్రదర్శించుకోవడానికి ఇచ్చే అనుమతి.

ముందు ఫోన్ చేసి, ‘ఈ ఏడాది మీ దగ్గర కూనలు పుట్టాయా?’ అని అడగండి. సంబరంగా అవునన్నారంటే అటు వెళ్లొద్దు. నిజమైన శాంక్చురీలో జంతువుల్ని ఈనించరు, అమ్మరు, ఎవరి చేతికీ ఇవ్వరు. పులికూనతో ఫొటోల వ్యాపారం లెక్క వేరు. మూడు నెలలు దాటితే పంజా బలుస్తుంది, కూన ఇక ఫొటోకు పనికిరాదు. అందుకే పుట్టిన కొద్దిరోజులకే తల్లినుంచి వేరుచేయాలి, ఏడాది పొడవునా కొత్త కూనలు పుడుతూనే ఉండాలి. ఎదిగిన పులి ఇరవై ఏళ్ల దాకా బతుకుతుంది. అన్నేళ్ల మాంసం ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

2022 డిసెంబరులో అమెరికాలో వచ్చిన బిగ్ క్యాట్ పబ్లిక్ సేఫ్టీ చట్టం ఈ కూనల ఫొటోల వ్యాపారాన్ని ఆపింది. అయితే అది పులి, సింహం, చిరుత, చీతా వంటి పెద్దపిల్లులకే. చెట్లకు వేలాడే స్లాత్‌నో, నీటికుక్కనో, లీమర్‌నో ఒళ్లో పెట్టే దుకాణాలు దాని కిందికి రావు. మన పిల్లల పుట్టినరోజు ఫొటోల్లో ఇప్పుడు అవే!

‘తెల్లపులి జాతిని కాపాడుతున్నాం’ అనే మాటా నమ్మొద్దు. అది వేరే జాతి కానే కాదు. నేటి తెల్లపులుల్లో ఎక్కువభాగం 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవాలో పట్టుబడిన మోహన్ అనే తెల్లపులి సంతతి, దగ్గరి రక్తాన్నే కలుపుతూ పెంచినవి.

వెళ్లదగ్గవీ ఉన్నాయి. నార్త్ కరోలినాలో పిట్స్‌బరోలోని కరోలినా టైగర్ రెస్క్యూను గైడ్ వెంట తిరిగి చూడాలి, ముందే బుక్ చేసుకోవాలి. కంచె దగ్గర పిల్లలు పరుగెత్తినా, గొంతుక్కూర్చున్నా పులి కంటికి వేటలాగే ఉంటారు, చెయ్యి వదలొద్దు. కొలరాడోలో కీన్స్‌బర్గ్ దగ్గరున్న వైల్డ్ యానిమల్ శాంక్చురీలో నడకదారి గాల్లో, వంతెనలా ఉంటుంది. నేలమీద మనిషి ఎదురైతే తన హద్దులోకి చొరబడ్డాడనుకునే జంతువు, తలపైన నడిచేవాణ్ని పట్టించుకోదు. వెళ్లిరావడం మూడు మైళ్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ముందే చెప్పండి, బైనాక్యులర్స్ మరవకండి. మిట్టమధ్యాహ్నం వెళ్తే అన్నీ నీడలో నిద్రపోతుంటాయి.

‘పులి చుక్కంత కనిపించింది, డబ్బులు దండగ’ అని సణిగేవాళ్లుంటారు. టెన్నెసీ హోహెన్‌వాల్డ్‌లో 1995లో మొదలైన ఏనుగుల శాంక్చురీలోనైతే ఆ చుక్క కూడా దొరకదు. ఏనుగుల దగ్గరికి సందర్శకుల్ని రానివ్వరు, ఇంట్లో కూర్చుని కెమెరాల్లో చూసుకోవాల్సిందే. విశాఖ, తిరుపతి జూల దగ్గర సర్కస్ సింహాలకు ఆశ్రయమిచ్చిన కేంద్రాలూ సందర్శకుల కోసం కట్టినవి కావు.