వారానికో మాత్ర మీద ఎందుకింత భయం?

మా చుట్టాల గ్రూపులో ఈ నెల మూడోసారి వచ్చిందా మెసేజ్. "కీళ్లవాతం ముసలితనంలో మామూలే. అల్లోపతిలో నొప్పి మాత్రలు తప్ప ఏమీ లేవు. మెథోట్రెక్సేట్ క్యాన్సర్ మందు, కిడ్నీలు పోతాయి. వంకాయ, చామదుంప మానేసి ఈ పొడి వాడండి, 21 రోజుల్లో మాయం." అది చదివి మా మేనత్త కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర ఆపేసింది. రెండు నెలలు తిరిగేసరికి పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి కాఫీ ఫిల్టర్ మూత కూడా తిప్పలేకపోయింది.

వయసుతో మోకాళ్లు అరగడం వేరే జబ్బు. కీళ్లవాతంలో (రుమటాయిడ్ ఆర్థరైటిస్) మన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద పడుతుంది. ముప్ఫైల్లోనూ మొదలవుతుంది, ఆడవాళ్లలో ఎక్కువ.

ఇక క్యాన్సర్ మందు అన్న మాట. నిజమే. 1940ల్లో లుకేమియా (రక్త క్యాన్సర్) కోసం పుట్టిందది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆ పరిశోధన నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. (మెసేజ్ పంపినాయనదీ భీమవరమే!) కానీ కొన్ని క్యాన్సర్లకు గ్రాముల లెక్కన ఎక్కిస్తారు. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి, మామూలుగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. అమెరికాలో 1988లోనే దీనికి అనుమతి వచ్చింది. భయపడాల్సింది పొరపాటున రోజూ వేసుకుంటామేమోనని, అది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే అత్త స్ట్రిప్ మీద "ఆదివారం" అని పెద్దగా రాసిపెట్టాం. లివర్, రక్తకణాల పరీక్షలు మానకూడదు. కిడ్నీలు ముందే బలహీనంగా ఉంటే మందు ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి అవీ చూసే ఇస్తారు. పిల్లల్ని కనాలనుకునేవాళ్లు డాక్టరుకు చెప్పి ముందే ఆపాలి. రోజూ మింగే నొప్పి మాత్రలు కిడ్నీలకు చేసే చెరుపు గురించి మాత్రం ఆ మెసేజ్‌లో ముక్క లేదు.

నొప్పి మాత్రలు తప్ప ఏమీ లేవా? వాపును ఎగదోసే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకోవచ్చని లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ అనే పరిశోధకులు 1992లోనే రోగుల మీద ప్రయోగం మొదలుపెట్టారు. ఆ కోవకు చెందిన అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్‌కు మన దేశంలో తయారైన బయోసిమిలర్ (దాదాపు అలాగే పనిచేసే మందు) 2014 నుంచి ఉంది. ఇప్పటికీ ఖరీదే. ఇచ్చే ముందు దాగి ఉన్న టీబీ ఉందేమో చూడాలి. టోఫాసిటినిబ్ లాంటివైతే మాత్రల రూపంలోనే వచ్చాయి.

వంకాయ మానితే ఈ జబ్బు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. గుత్తివంకాయ దక్కకుండా పోతుంది, అంతే.

పొడి సంగతే అసలు టెన్షన్. లేబుల్ లేని ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు బయటపడిన సందర్భాలున్నాయి. అందుకే కొందరికి రెండు మూడు రోజుల్లోనే నొప్పి మాయమవుతుంది. తర్వాత మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే.

అత్త డాక్టరు దగ్గరికెళ్లి మళ్లీ మొదలుపెట్టింది. ఈ మందు పనితనం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఇప్పుడు ఐదో వారం. ఫిల్టర్ మూత ఇంకా మామయ్యే తిప్పుతున్నాడు.