‘ఇలాంటివే మరికొన్ని’ గారికి

మహారాజశ్రీ ‘ఇలాంటివే మరికొన్ని’ గారి సముఖమునకు, బెజవాడ నుంచి మీ చందాదారు వ్రాయునది. ఉభయకుశలోపరి.

మర్యాద ఇంతటితో చాలు. టీవీలో సినిమాలూ సీరియళ్ళూ చూసే యాప్‌లో, ఒకటి చూడగానే దాని కింద ఇంకొన్ని చూడమని పరిచే వరుసవి నువ్వు. రాత్రి ఒంటిగంట దాకా మా హాల్లోనే పడి ఉంటావు కాబట్టి ఇక నువ్వనే అంటాను.

పోయిన నెల నేనూ అమ్మా ‘రిప్లై 1988’ అనే కొరియన్ సీరియల్ పూర్తి చేశాం. మొత్తం 20 ఎపిసోడ్లు, ఒక్కోటి చిన్నసైజు సినిమా అంత. సియోల్‌లో సాంగ్‌మున్‌దొంగ్ అని ఒక పేట (దొంగ్ అంటేనే పేట, దొంగలెవరూ లేరు), అందులో ఒక సందు, ఆ సందులో ఐదు కుటుంబాలు. మొదటి ఎపిసోడ్‌లోనే రాత్రి భోజనాల వేళ ఒక తల్లి పక్కింటికి గిన్నె పంపుతుంది. వాళ్ళు ఊరుకుంటారా, వాళ్ళింట్లోది ఇంకేదో పంపుతారు. చూస్తూండగానే సందంతా గిన్నెలు పట్టుకుని ఒకళ్ళకొకళ్ళు ఎదురొచ్చే పిల్లలే. ఇంతోటి దానికి అందరం ఒకచోటే కూర్చుని తినొచ్చుగా అని ఒక కుర్రాడు విసుక్కుంటాడు కూడా.

అక్కడ అమ్మ టీవీ ఆపించింది. వంటింట్లోకి వెళ్ళి ఒక స్టీలు గిన్నె తెచ్చి తిరగేసి చూపించింది. అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు మాది కాదు. పాత ఇంట్లో ఉన్నప్పుడు మేడ మీది పిన్నిగారిది. ఏదో పండక్కి బూరెలతో వచ్చింది. ఖాళీ గిన్నె ఎలా ఇస్తాం, రేపు పులిహోర కలిపినప్పుడు ఇద్దాంలే అని అమ్మ ఉంచేసింది. ఆ రేపు రాకుండానే వాళ్ళు ఇల్లు మారిపోయారు.

ఆఖరి ఎపిసోడ్‌లో ఆ సందు ఖాళీ అయిపోతుంటే ఇద్దరం ముక్కులు చీదుకుంటున్నాం. సరిగ్గా అప్పుడు దిగావు నువ్వు. పేర్లు పడటం కూడా పూర్తి కాలేదు, వరసగా పది బొమ్మలు పరిచి, మొదటిదాని మీద ‘మీకు 97 శాతం నచ్చుతుంది’ అని రాసిపెట్టావు.

ఆ మొదటిది ‘ఆల్ ఆఫ్ అస్ ఆర్ డెడ్’. నీ లెక్క నాకు అర్థమైందిలే. కొరియన్, హైస్కూలు, స్నేహం: మూడు చీటీలూ కలిశాయి. ఆ హైస్కూలు నిండా జాంబీలు ఉన్నారన్న నాలుగో చీటీ మాత్రం నీ కంటికి ఆనలేదు. అమ్మ పెరుగన్నం కంచంతో కూర్చుంది. రిమోట్ దుప్పటి మడతల్లో ఎక్కడో పోయింది. అది దొరికేలోపు నలభై నిమిషాలు గడిచాయి. ఆ నలభై నిమిషాలూ నీ ఖాతాలో మా అభిరుచి కింద జమ అయ్యాయి.

పోనీ వెరైటీ షో ఏదైనా పెట్టమంటే ‘రన్నింగ్ మాన్’ పెట్టావు. 2010 నుంచి నడుస్తున్న షో, కాదనను. వీపుల మీద అంటించుకున్న పేర్లు ఒకళ్ళవి ఒకళ్ళు పీక్కుంటూ బిల్డింగులంతా పరిగెడతారు. అమ్మ పది నిమిషాలు చూసి, "వీళ్ళ చొక్కాలు ఎవరుతుకుతారే పాపం" అని లేచిపోయింది.

నీకంటే మనుషులు నయం అందామంటే అదీ లేదు. మా బావగారికి ఎవరేమడిగినా ఒకటే సమాధానం, ‘నిర్వాణ ఇన్ ఫైర్’. 54 ఎపిసోడ్ల చైనా సీరియల్. పన్నెండేళ్ళ తర్వాత మారుపేరుతో రాజధానికి వచ్చి, తన వాళ్ళ మీద పడిన రాజద్రోహపు మచ్చ చెరిపేసేవాడి కథ. గొప్ప సీరియలే, నేనే రెండుసార్లు చూశాను. కానీ పక్కింటి కూర గిన్నె కోసం ఏడుస్తున్న మనిషికి రాజకుట్రలు చూడమనడమేమిటి? దాహమంటే బావి తవ్వుకోమన్నట్టుంది.

ఒక్క చోట మాత్రం నీకు వంక పెట్టలేను. పిన్ని కూతురికి ‘బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్’ చూపించి, ఇలాంటివే అంటూ ఇంకా పెట్టావు చూడు, అవి అచ్చం ఇలాంటివే. డబ్బున్న కుర్రాళ్ళు నలుగురు, లేనింటి పిల్ల ఒకతె. ఒకే జపాన్ మాంగాని (బొమ్మల కథని) 2001లో తైవాన్, 2005లో జపాన్, 2009లో కొరియా, 2018లో చైనా, 2021లో థాయ్‌లాండ్ సీరియళ్ళుగా తీసుకున్నాయి. నాలుగో దేశంలోకి వెళ్ళాక అది నాకు ఫోన్ చేసి, "అక్కా, ఈ కథ ఎక్కడో చూసినట్టుందే" అంది.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న ఆదివారం నీ వరుస జోలికి పోకుండా, నేనే వెతికి ‘త్రీ మీల్స్ ఎ డే’ అనే కొరియన్ షో పెట్టాను. 2015లో మాన్‌జే అనే మారుమూల దీవిలో తీసిన భాగం. ఇద్దరు పేరున్న సినిమా నటులు. చా సుంగ్ వన్ వంట చేస్తాడు, యూ హే జిన్ గాలం పట్టుకుని సముద్రం మీదికి పోతాడు. మూడు పూటలా వండుకోవాలి, తినాలి. కథ అంతే. చేప పడకపోతే ఆ పూటకి ఉన్నదే కూర. చా సుంగ్ వన్ చకచకా ముల్లంగి తరుగుతుంటే అమ్మ కళ్ళార్పకుండా చూసి, "ఇది ఆ సందు తీసినవాళ్ళే తీసినట్టుందే" అంది.

నాకు నవ్వొచ్చింది. అది సీరియల్, ఇది షో. తర్వాత వెతికి చూస్తే నవ్వు ఆగిపోయింది. ‘రిప్లై 1988’ రాసిన లీ ఊ జంగే ఈ షోకీ రచయిత్రి. ఆవిడ వెరైటీ షోల నుంచే వచ్చింది. ఆ సీరియల్ దర్శకుడు షిన్ వన్ హో కూడా అంతే. నీకేమో షోల అర వేరు, సీరియళ్ళ అర వేరు. మధ్యలో గోడ.

జపాన్ అర ఇంకా అవతల. అక్కడ ‘మిడ్‌నైట్ డైనర్’ ఉంది. అర్ధరాత్రి పన్నెండింటికి తెరిచి పొద్దున్న ఏడింటికి మూసే చిన్న హోటలు. గోడ మీద రాసిన వంటకం ఒక్కటే, కానీ సరుకులుంటే ఏదడిగినా యజమాని చేసి పెడతాడు. అక్కడే ‘ఓల్డ్ ఎనఫ్’ ఉంది. రెండేళ్ళ పిల్లల్ని సైతం మొదటిసారి ఒంటరిగా కొట్టుకి పంపి, వాళ్ళ వెనకాల కెమెరాలు నక్కి నక్కి నడుస్తాయి. 1991 నుంచి జపాన్ టీవీలో వస్తోంది. చేతిలో సంచి, కళ్ళలో నీళ్ళు, కొనాల్సింది సగం దారిలో మర్చిపోవడం. నన్ను పావుకిలో పంచదారకి పంపితే పిప్పరమెంట్లతో తిరిగొచ్చిన రోజు అమ్మకి గుర్తొచ్చింది. ఈ రెండింటినీ నువ్వు మాకు ఒక్కసారి చూపించలేదు. జాంబీల సినిమాలు మాత్రం ఇప్పటికి పదకొండు చూపించావు.

అమ్మ పిలుస్తోంది. దోసెలు పోయడం అయింది, మాన్‌జే దీవిలో ఈ పూట ఏం వండుతున్నారో చూడాలట.

ఇట్లు,
నీ లెక్కలో జాంబీల వీరాభిమాని

తా.క.: ఆ దీవిలో సాంచే అని వేలెడంత కుక్కపిల్ల ఉంది. అది అమ్మకి తెగ నచ్చింది. ఈ కబురు నీకెలా అందిందో గానీ, పొద్దున్నుంచీ పోలీసు కుక్కల డాక్యుమెంటరీలు పెడుతున్నావు.