ప్లస్ 5 కాంటూరు గారికి, కొల్లేరు

అయ్యా,

మిమ్మల్ని నేనెప్పుడూ చూడలేదు, చూశామన్నవాళ్లు కూడా నాకు తారసపడలేదు. కైకలూరు వైపు ఎవర్ని అడిగినా "ఇక్కడే ఎక్కడో ఉంటదండీ" అని చేత్తో గాల్లో ఓ గీత గీసి చూపిస్తారు, ఆ గీత కూడా చెప్పే మనిషి చెరువు ఎటువైపు ఉందో చూసుకుని కాస్త అటో ఇటో జరుగుతుంది. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున మ్యాపులో గీసిన గీత మీరు, ఆ ఎత్తు దాకా ఎంత నేల ఉందో అంతా అభయారణ్యం అని కదా మీ లెక్క. మరి వానాకాలంలో మీరు నీళ్లకింద ఉంటారు, ఎండాకాలంలో చేపల చెరువు గట్టుకింద ఉంటారు. మీ అడ్రసు దొరకదని తెలిసే ఇలా అందరూ చదివేలా రాస్తున్నాను.

మీరు సామాన్యులు కారు. 1999లో ప్రభుత్వం జీవో ఇచ్చి మీ లోపలున్న 308 చదరపు కిలోమీటర్లని వన్యప్రాణి అభయారణ్యం చేసింది. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల పట్టిక, రామ్‌సర్ జాబితాలోకి కూడా ఎక్కాం, అందులో మన కొల్లేరు విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. ప్రపంచానికి చూపించే కొల్లేరు మన ఇంట్లో ఉన్న కొల్లేరుకి దాదాపు మూడింతలన్నమాట. పెళ్లిసంబంధాలకి రాసే బయోడేటాలో కూడా అబ్బాయి జీతాన్ని ఇంత పెంచి రాయరు లెండి.

సరే, అసలు విషయానికొస్తాను. కొల్లేరు ఏ ఒక్కరిదీ కాదు, అందరి భాగస్వామ్యంతో కాపాడుకోవాలి అని ప్రతి మీటింగులోనూ అంటారు. చాలా మంచి మాట. ఆ భాగస్వాములు ఎవరెవరా అని లెక్కేస్తే నాకు కళ్లు తిరిగాయి. పక్షి అటవీశాఖది, చేప మత్స్యశాఖది. ఆ పక్షి ఆ చేపని తింటే ఎవరిదో నాకు తెలీదు. నేల రెవెన్యూ వాళ్లది, అందులో జిరాయితీ (సొంత పట్టా నేల) అయితే రైతుది, సొసైటీ పేరున ఉంటే సహకార శాఖ దగ్గర రిజిస్టరు అయిన సంఘానిది, ఆ సంఘం దగ్గర లీజుకి తీసుకున్నది మాత్రం ఎక్కడో పట్నంలో ఉండే పెద్దమనిషిది. డ్రెయిన్లు, కొల్లేటి నీళ్లని సముద్రానికి తీసుకెళ్లే ఉప్పుటేరు జలవనరుల శాఖవి, కంపు కాలుష్య నియంత్రణ మండలిది. 2017లో వచ్చిన రూల్స్ ప్రకారం చిత్తడి నేలలకి రాష్ట్రానికో అథారిటీ కూడా ఉండాలి. ఇంతమంది కలిసి కాపాడుతుంటే మీరు మాత్రం ఆ గట్లకింద ఊపిరాడక ఎందుకు పడున్నారో అర్థం కావట్లేదండి.

చట్టం తప్పేమీ లేదు, చట్టం పెద్దమనసుతోనే రాశారు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 33బి అని ఒక సెక్షన్ ఉంది. ప్రతి అభయారణ్యానికీ ఒక సలహా కమిటీ ఉండాలి అంటుంది. అటవీశాఖ పెద్దాయన అధ్యక్షుడు, స్థానిక ఎమ్మెల్యే, పంచాయతీరాజ్ సంస్థల నుంచి ముగ్గురు, స్వచ్ఛంద సంస్థల నుంచి ఇద్దరు, వన్యప్రాణుల మీద పనిచేసేవాళ్లు ముగ్గురు, హోంశాఖ నుంచి ఒకరు, పశువైద్యం నుంచి ఒకరు. చదువుతూ చదువుతూ నేను చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాను. చేపల శాఖ లేదు, డ్రెయిన్లు చూసే శాఖ లేదు. తాతల నాటినుంచి తాటిదోనెల మీద చేపలు పట్టి బతికిన వడ్డీ కులం కుటుంబాలు రావాలంటే పంచాయతీ కోటాలో రావాల్సిందే. అడవికి రాసిన సెక్షన్ అది, పులికి జ్వరమొస్తే చూడ్డానికి పశువైద్యుడు ఉండాల్సిందే, కాదనను. కానీ కొల్లేరంటే నీళ్లండీ! సెక్షన్ చెప్పిన కుర్చీలన్నీ నింపినా నీళ్ల తరఫున మాట్లాడే మనిషి ఆ గదిలో ఉండడు.

మొదట్లో ఈ చెరువులు తవ్వించింది ఎవరో మీకు గుర్తుండే ఉంటుంది. 1970ల్లో ప్రభుత్వమే మత్స్యకారుల సంఘాలకి నేల ఇచ్చి, చేపలు పెంచుకోండి అని ప్రోత్సహించింది. పేదవాళ్లు బాగుపడతారన్నది ఉద్దేశం. తర్వాత డబ్బున్నవాళ్లు వచ్చి సంఘం పేరు సంఘానికే ఉంచి చెరువు తాము తీసుకున్నారు. చెరువు యజమాని అని కాగితం మీద ఉన్నవాడు అదే చెరువు మీద రాత్రి కాపలా కూలికి వెళ్లడం మా వైపు పెద్ద వింతేమీ కాదు. నిజానికి ఇదీ భాగస్వామ్యమే, ఎవరి వంతు ఎంతో అడక్కూడదంతే.

ఆ తర్వాత 2006లో సుప్రీంకోర్టు, దాని సాధికార కమిటీ గట్టిగా పట్టుకుంటే ఆపరేషన్ కొల్లేరు జరిగింది. పొక్లెయిన్లు దిగాయి, మందుపెట్టి గట్లు పేల్చారు. కొన్నాళ్లపాటు మీరు నిజంగానే కనిపించారట, అదృష్టవంతులు చూశారు. గట్టు పగలగొట్టడానికి కోర్టు, కేంద్రం, రాష్ట్రం, పోలీసులు అందరూ కావాల్సొచ్చింది. కట్టడానికి మాత్రం ఒక పొక్లెయినూ రెండు రాత్రులూ చాలు. ముందు అడుగెత్తున ఓ మట్టి వరస వేస్తారు, అడిగితే వల కట్టుకోడానికి అంటారు. దానిమీద ఇంకో వరస పడుతుంది, అది నడవడానికి. ఆ పైన మోటారు, పాక, మేత బస్తాలు వచ్చేసరికి అది చెరువైపోతుంది. అన్ని శాఖలూ అదే దారిన జీపుల్లో వెళ్తూనే ఉంటాయి, కాకపోతే ఎవరి జీపుకి కనపడాల్సింది వాళ్లకే కనపడుతుంది.

తెల్లారుజామున ఆ గట్లమీద ఒకసారి నిలబడి చూడండి. నీలం డ్రమ్ములతో ఓ వ్యాన్ వస్తుంది, మూతమీద తడి గోనె కప్పి ఉంటుంది. లోపల కోడి పేగులు, ఈకలు, తలకాయలు. ఫంగస్ చేపకి మేత అన్నమాట (పంగాషియస్ అని అనలేక మావాళ్లు పెట్టుకున్న పేరు, నాకైతే ఇదే సరైన పేరనిపిస్తుంది). డ్రమ్ము వంచగానే నీళ్లు ఉడికినట్టు కదులుతాయి, ముక్కు మూసుకోకుండా నిలబడటం కష్టం. కోడి వ్యర్థాలు చేపలకి వేయకూడదని ఆదేశాలున్నాయి. అప్పుడప్పుడూ పట్టుకున్నారని పేపర్లో ఫొటో కూడా వస్తుంది, మర్నాడు వ్యాన్ ఇంకో దారిన వస్తుంది.

మీ గురించి అసెంబ్లీ కూడా మాట్లాడింది. 2008లో మిమ్మల్ని ప్లస్ 5 నుంచి ప్లస్ 3కి దించేయాలని, అంటే అభయారణ్యాన్ని కుదించాలని తీర్మానం చేశారు. కేంద్రం అజీజ్ కమిటీని వేస్తే, వద్దు, ప్లస్ 5 అలాగే ఉంచండి అని ఆ కమిటీ చెప్పింది. అక్కడితో ఆగిందా? ఇంకో కమిటీ, ఇంకో సర్వే, మళ్లీ కోర్టు. జిరాయితీ రైతుకి పరిహారమో, భూమో తేల్చమంటే మాత్రం అందరూ మీవైపు వేలు చూపిస్తారు. నా ఫిర్యాదల్లా ఇదే. ఇన్నేళ్లుగా ఈ భాగస్వాములంతా గీత ఎక్కడుండాలో కొట్టుకుంటున్నారు, నీళ్లు ఎలా రావాలి, ఎలా పోవాలి అన్నది ఎవరి పనో ఇంతవరకు తేలలేదు. ప్లస్ 5 అంటే పర్యావరణం వాడు, ప్లస్ 3 అంటే పేదల పక్షం వాడు అని రెండు జెండాలు కట్టేశారు. ఉప్పుటేరులో పూడిక గురించి మాట్లాడేవాడికి మాత్రం ఏ జెండా లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచింది, టీవీల్లో అందరూ చూశారు. ఆ నీళ్లు అక్కడ తీసేశాక ఎక్కడికి వెళ్లాయో చాలామంది అడగలేదు. మా దగ్గరికే వచ్చాయండి, బుడమేరు పడేది కొల్లేట్లోనే కదా. కొల్లేట్లోనే పడే ఇంకో ఏరు తమ్మిలేరు సరే సరి. పెదఎడ్లగాడి వంతెన కింద గుర్రపుడెక్క గోడలా పట్టేసి నీళ్లు కదల్లేదు, లంక ఊళ్లకి రోడ్లు తెగిపోయాయి. అప్పుడు చూడాలి భాగస్వామ్యం! డెక్క తీయాల్సింది ఫలానా శాఖ అని వీళ్లు, వంతెన మాది కాదని వాళ్లు, చివరికి పడవేసుకుని వెళ్లి కత్తులతో కోసింది ఊళ్లో కుర్రాళ్లు. సముద్రానికి పోవాల్సిన నీళ్లకి ఉన్న ఒకే ఒక్క దారి ఉప్పుటేరు. అది అరవై కిలోమీటర్లు, మధ్యలో ఎన్నిచోట్ల సన్నబడిందో చెప్పమంటే ఒక్కో ఆఫీసు ఒక్కో సంఖ్య చెబుతుంది.

ఆటపాక పక్షుల కేంద్రంలోని పెలికాన్లకి మాత్రం నా తరఫున ఒక మాట చెప్పండి. వాటికోసం ఇనుప స్టాండ్లు వేసి గూళ్లు పెట్టించింది అటవీశాఖ, బాగుంది, పిల్లల్ని తీసుకెళ్లి చూపించాను కూడా. అక్కణ్నుంచి లేచి పక్క చెరువు మీద వాలితే ఆ చెరువువాడు టపాకాయలు కాలుస్తాడు. ఆయన్నీ తప్పుపట్టలేను, సీడూ మేతా అన్నీ అప్పుమీద తెచ్చినవే.

ఒక్క కోరిక. ఈసారి సలహా కమిటీ కూర్చున్నప్పుడు సెక్షన్‌లో లేకపోయినా సరే, ఇంకో రెండు కుర్చీలు వేయమనండి. డ్రెయిన్లు చూసే ఏఈ గారికి ఒకటి, ఉప్పుటేరు పొడుగునా చేపలు పట్టే మనిషికి ఒకటి. ఫొటోకి ముందు వరసలో అక్కర్లేదు, మినిట్స్‌లో పేరుంటే చాలు.

ఇట్లు,
మీ లోపలున్నాడో బయటున్నాడో ఏ సర్వేలోనూ తేలని, కొల్లేటి అంచున ఉండే ఒక బెల్టు గ్రామస్తుడు

తా.క. మీ తమ్ముడు ప్లస్ 3 గారు కులాసాయేనా? మామూలు రోజుల్లో ఇటు రారు గానీ, ఎన్నికలొస్తే మైకులో ఆయన పేరే ముందు వినపడుతుంది.